కంప్యూటరు నిల్వ సాధనముల కఱవు – మన కర్తవ్యము

(సంఘ వార్షిక సమావేశమునందు గ్రంథాలయ విభాగము పక్షమున చేసిన ప్రసంగ పాఠము)



మన వేదికపై సాధారణముగ భాషను గుఱించియు, పాఠశాలలను గుఱించియు, పిల్లల చదువులను గుఱించియు ప్రసంగములు జరుగుచుండును. నేడు నాకు ఒప్పగించిన విషయము అంగడి సరకునకు సంబంధించినది. కంప్యూటర్లలో సమాచారమును దాచు హార్డు డిస్కులు, చిప్పు డిస్కులు, మెమరీ పలకలు – వీని ధరలు 2025వ సంవత్సరపు చివరి నెలలనుండి విపరీతముగ పెరిగినవి. కొన్ని రకములు డబ్బు పట్టుకొని పోయినను దొరకుట లేదు. ఇది వ్యాపారుల గొడవ యని మనము ఊరకుండుటకు వీలు లేదు. మన సంఘము తలపెట్టిన ఒక ముఖ్యకార్యము ఈ వస్తువులపై ఆధారపడియున్నది.

ఆ కార్యము మీ అందఱకు తెలిసినదే. మన పాత వార్తాపత్రిక సంచికలు, పాఠశాలల హాజరు పట్టీలు, సంఘ తీర్మానముల పుస్తకములు, ఇండ్లలోని పాత ఉత్తరములు, శుభలేఖలు – వీనిని బొమ్మలుగ తీసి దాచవలెనని, ఎనుబది యేండ్లు దాటిన పెద్దల మాటను ధ్వనిముద్రణ చేయవలెనని నిరుడు నిశ్చయించుకొంటిమి. అప్పుడు వేసికొన్న లెక్క ప్రకారము కేటాయించిన సొమ్ముతో నేడు ఆ పరిమాణము డిస్కులు రావు. పని ఆపవలెనా, తగ్గింపవలెనా, మఱియొక విధముగ నడపవలెనా అని కార్యవర్గము మీ సలహా కోరుచున్నది. సలహా చెప్పుటకు ముందు కఱవు ఎట్లు వచ్చినదో తెలిసికొనుట అవసరము.

పెద్దవారికి కఱవులు కొత్త కాదు. ఒకప్పుడు పత్రికల కాగితమునకు కోటాలు ఉండెడివి. 1962లో ప్రభుత్వము న్యూస్‌ప్రింటు నియంత్రణ ఉత్తరువు జారీ చేసిన తరువాత, ఎన్ని పుటలు వేయవలెననుట కాగితపు కోటాను బట్టి నిర్ణయము చేసికొనవలసిన కాలము నడచినది. నాడు కాగితమునకు వచ్చిన కష్టము నేడు డిస్కులకు వచ్చినది. భేద మేమనగా, నాటి కోటాను ప్రభుత్వము నిర్ణయించెడిది. నేటి కోటాను కొనుగోలుదారులలో అతి పెద్దవారు నిర్ణయించుచున్నారు.

గాదె, పళ్లెము

వస్తువు స్వరూపమును మొదట చెప్పెదను. కంప్యూటరులో రెండు విధములైన జ్ఞాపకస్థానములు కలవు. ఒకటి గాదె వంటిది. రెండవది అన్నము వడ్డించుకొను పళ్లెము వంటిది. గాదెలో పెట్టిన ధాన్యము దీపము ఆర్పినను అట్లే యుండును. అదియే డిస్కు. పళ్లెములోనిది అప్పటి పనికొఱకే. కరెంటు పోయిన వెంటనే అది ఖాళీ యగును. దానినే వ్యవహారమున మెమరీ, లేక ర్యామ్, అందురు.

గాదెలు మరల రెండు రకములు. హార్డు డిస్కులో అయస్కాంతపు పూత గల పళ్లెములు గిరగిర తిరుగుచుండును. సూదిమొన వంటి తల ఒకటి వానిపై వ్రాయుచు, చదువుచు నుండును. రెండవ రకములో తిరుగు భాగములు లేవు. సన్నని చిప్పులలో విద్యుత్కణములను బంధించి సమాచారమును నిలుపుదురు. పెన్ డ్రైవులు, సెల్‌ఫోను కార్డులు, నేటి లాప్‌టాప్‌లలోని ఎస్.ఎస్.డి.లు ఈ జాతివి.

1956లో అమెరికాలోని ఐ.బి.ఎం. సంస్థ మొట్టమొదటి హార్డు డిస్కు గల కంప్యూటరును ప్రకటించినది. ఇరువదినాలుగు అంగుళముల వెడల్పు గల పళ్లెములు 50 దానిలో ఉండెను. అంత పెద్ద బీరువాలో పట్టినవి 50 లక్షల అక్షరములు. నేడు అఱచేతిలో ఇమిడెడి ఒక టెరాబైటు డిస్కులో లక్ష కోట్ల బైట్లు పట్టును. ఈ డెబ్బదియేండ్లలో ఈ వస్తువు ఏటేట చౌక యగుచునే వచ్చినది. 'ఇంక కొంతకాలము ఆగినచో ఇంకను చౌకగ వచ్చును' అను నమ్మకము మనలో స్థిరపడుటకు కారణ మిదియే. కాని ఈ దారిలో ఎదురుదెబ్బలు మునుపును తగిలినవి.

మునుపటి కఱవులు

2011లో థాయిలాండు దేశమున పెద్ద వరదలు వచ్చినవి. ప్రపంచమున తయారగు హార్డు డిస్కులలో సుమారు నూటికి 40 వంతులు అప్పుడు ఆ దేశమునందే తయారగుచుండెను. అయుధ్య ప్రాంతములోని కర్మాగారములు అక్టోబరు నెలలో నీట మునిగినవి. డిస్కును త్రిప్పు మోటార్లు తయారుచేయు కర్మాగారములును ఆ వరదలోనే చిక్కుకొన్నవి. కొలది వారములలో కొన్ని రకముల ధరలు రెట్టింపైనవి. నీరు తీసినంత వేగముగ ధరలు తీయలేదు; వెనుకటి స్థితికి వచ్చుటకు ఏడాదికి మించి పట్టినది.

ఆ వరద కాలముననే మఱియొక మార్పు జరిగినది. సామ్‌సంగ్ వారి డిస్కుల శాఖను సీగేట్ సంస్థయు, హిటాచీ వారి శాఖను వెస్టర్న్ డిజిటల్ సంస్థయు కొనివేసినవి. ఫలితముగ నేడు ప్రపంచమంతటికి హార్డు డిస్కులు చేయువారు ముగ్గురే మిగిలిరి: సీగేట్, వెస్టర్న్ డిజిటల్, తోషిబా. మెమరీ చిప్పుల సంగతియు ఇంచుమించు ఇంతే. కొరియా దేశపు సామ్‌సంగ్, ఎస్.కె. హైనిక్స్, అమెరికా దేశపు మైక్రాన్ – ఈ మూడు సంస్థల చేతిలోనే ప్రపంచ వ్యాపారములో సుమారు పదింట తొమ్మిది వంతులు కలవు. ఊరికి మూడే బావు లున్నచోట ఒక బావి ఎండినను, ఒక ఆసామి ఒక బావి నీరంతయు తన తోటకు త్రిప్పుకొన్నను, ఊరంతయు ఎట్లు దప్పికగొనునో మీరు ఊహింపగలరు.

2021లో రెండవ దెబ్బ వచ్చినది. చియా అను ఒక కొత్తరకపు డిజిటల్ నాణెమును సంపాదించుటకు డిస్కులలో ఖాళీ చోటు పెట్టుబడిగ పెట్టవలెను. ఆ ఆశతో జనులు పెద్ద డిస్కులను రాసులుగ కొన్నారు; ధరలు కొన్ని నెలలు మండినవి. నాణెము విలువ పడిపోగానే ఆ వేడి చల్లారినది. ఆ డిస్కులు ఏమైనవో ముందు చెప్పెదను.

నేటి కఱవునకు కారణము

ఇప్పటి కఱవు వరదవలన గాని, నాణెమువలన గాని వచ్చినది కాదు. దీని మూలము కృత్రిమ మేధ. మనము ప్రశ్న అడుగగానే సమాధానము చెప్పెడి, బొమ్మ గీసెడి యంత్రములు పనిచేయుటకు వేలకొలది కంప్యూటర్లు ఒకేచోట నిలిపిన భవనములు కావలెను. వానినే డేటా సెంటర్లు అందురు. ఆ భవనములకు పళ్లెములును కావలెను, గాదెలును కావలెను; అదియు అపారముగ కావలెను.

పళ్లెముల సంగతి ముందు. కృత్రిమ మేధకు పనికివచ్చు మెమరీ ప్రత్యేకమైనది. చిప్పులను ఒకదానిపై ఒకటి దొంతరగ పేర్చి దానిని తయారుచేయుదురు. అంతే పరిమాణముగల సాధారణ మెమరీకి పట్టు సిలికాను పలకకంటె దీనికి సుమారు మూడు రెట్లు పట్టును. కర్మాగారము ఒక్కటే, పలకలు అవియే. దొంతర చిప్పులకు లాభ మెక్కువ. కాబట్టి తయారీదారులు పలకలను అటు మరల్చిరి. ఇంటి కంప్యూటరునకు, సెల్‌ఫోనునకు వచ్చు మెమరీ తగ్గినది. 2025 అక్టోబరులో ఓపెన్ ఏ.ఐ. సంస్థ కొరియాలోని రెండు సంస్థలతో అంగీకారమునకు వచ్చి, నెలకు 9 లక్షల పలకల వఱకు తమకు కావలెనను లక్ష్యమును ప్రకటించినది. మఱి రెండు నెలలకు, 2025 డిసెంబరులో, మైక్రాన్ సంస్థ సామాన్యులకు అమ్మెడి క్రూషియల్ అను తన వ్యాపారమునుండి తప్పుకొనుచున్నట్లు తెలియజేసినది. విద్యార్థులకు చౌకగ దొరకవలెనను ఉద్దేశముతో పుట్టిన రాస్‌బెరీ పై అను చిన్న కంప్యూటరు ధరయు, మెమరీ ఖరీదు కారణముగ, ఆ నెలలోనే పెరిగినది.

ఇక గాదెలు. కృత్రిమ మేధకు నేర్పుటకు లోకమునందలి గ్రంథములు, బొమ్మలు, చలనచిత్రములు అన్నియు కూడబెట్టవలెను. అది పుట్టించు సమాచారమును మరల దాచవలెను. చౌకగ, విస్తారముగ దాచుటకు హార్డు డిస్కును మించినది లేదు. 2025 సెప్టెంబరులోనే వెస్టర్న్ డిజిటల్ సంస్థ తన డిస్కుల ధరలు పెంచుచున్నట్లు వర్తకులకు వ్రాసినది. 2026 సంవత్సరమునకు తాము తయారుచేయు సరకు దాదాపు అంతయు ముందే అమ్ముడుపోయినదని ఆ సంస్థ అధిపతి 2026 ఆరంభమున పెట్టుబడిదారులకు చెప్పినారు. పెద్ద డిస్కులు దొరకని డేటా సెంటర్లు చిప్పు డిస్కులపై పడినవి. దానితో వాని ధరలును పైకెక్కినవి. ఒక ధాన్యము దొరకనపుడు మఱియొక ధాన్యము ప్రియమగుట మన మెఱుగనిది కాదు.

'ధర ఇంత బాగుగ నున్నపుడు తయారీదారులు ఇంకను ఎక్కువ చేయరాదా?' అని అడుగవచ్చును. వారి జంకునకును కారణము కలదు. 2022, 2023 సంవత్సరములలో మెమరీ ధరలు దారుణముగ పడిపోయి, ఆ సంస్థలు పెద్ద నష్టములు చూచినవి. ఉత్పత్తిని తమంత తామే తగ్గించుకొన్నవి. చిప్పుల కర్మాగార మొకటి కట్టి నడపుటకు వేలకోట్ల డాలర్లు, రెండు మూడేండ్లు పట్టును. కట్టి ముగించునాటికి గిరాకి చల్లారినచో మునిగిపోవుదుమని వారి భయము. పంట ధర చూచి అందఱు మిరప వేసి, మఱుసటి యేట మార్కెటు యార్డులో బస్తాలతో పడిగాపులు పడిన రైతు జంకు వంటిదే వారిదియు.

మన దేశమునకు, మన తెలుగునాటికి సంబంధము

ఈ సరకు మన దేశమున పుట్టునది కాదు. మైక్రాన్ సంస్థ గుజరాతులోని సానంద్‌నందు కర్మాగారము నెలకొల్పుదునని 2023లో ప్రకటించిన మాట నిజమే. కాని అక్కడి పని వెలుపలినుండి వచ్చిన చిప్పులను కూర్చి పరీక్షించుట మాత్రమే. సరకును డాలర్లతో కొనవలసియున్నది. 2025 డిసెంబరులో డాలరు విలువ 90 రూపాయలను దాటినది. లోకమున పెరిగిన ధర ఒకవంక, రూపాయి తఱుగు మఱియొకవంక. రెండును కలిసి మన అంగడిలోని చీటీపై కనబడుచున్నవి.

మఱియొక విషయము. 2025 అక్టోబరు 14వ తేదీన గూగుల్ సంస్థ విశాఖపట్టణమున పెద్ద కృత్రిమ మేధా కేంద్రమును నెలకొల్పుదునని ప్రకటించినది. అయిదేండ్లలో 1,500 కోట్ల డాలర్ల పెట్టుబడి యని చెప్పినారు. మన పూర్వుల నేలకు అట్టి పరిశ్రమ వచ్చుట సంతోషకరమే. మన పిల్లలలో కొందఱకు అక్కడ ఉద్యోగములు దొరకవచ్చును. అయినను ఆ భవనమునకు వలసిన డిస్కులును, మన గ్రంథాలయ గదికి వలసిన డిస్కులును ఆ ముగ్గురు తయారీదారుల బావులనుండియే రావలెను. వారు లక్షలకొలది ముందుగ ఒప్పందము చేసికొని కొనగలరు. మనము రెండో, మూడో చిల్లరగ కొనువారము. ఇందు ఎవ్వరిని నిందించుటకును నేను చెప్పలేదు. వరుసలో మన స్థానమెక్కడనో తెలియుటకు చెప్పితిని.

ఈ ధరల భారము మోయుచున్నవారు మనలోనే కలరు. బళ్లారిలోను, హోసూరులోను, బరంపురములోను, షోలాపురములోను తెలుగు శుభలేఖలు, కరపత్రములు కూర్చి అచ్చువేయు చిన్న దుకాణములవారు. కంప్యూటర్లు బాగుచేసి జీవించు యువకులు. కళాశాలలో చేరిన బిడ్డకు లాప్‌టాప్ కొనవలసిన తల్లిదండ్రులు. వీరికి నేను చెప్పగలిగిన దొక్కటే. పాతయంత్రము నడచుచున్నచో దానిని పారవేయకుడు. కొత్తది తప్పనిసరియైనచో, మెమరీని తరువాత పెంచుకొనుటకు వీలున్నదో, లేక పలకకే అతికి వేసినారో విచారించి కొనుడు. అతికినదైనచో, ముందు తక్కువ కొని పిదప పెంచుకొందమనుట సాగదు.

రెండు ఆక్షేపణలు

ఇక మన సంఘ కార్యమునకు వత్తును. ఇప్పటికే కొందఱు మిత్రులు రెండు ఆక్షేపణలు చెప్పినారు. రెండును ఆలోచింపదగినవే.

మొదటిది: 'డిస్కు లెందుకు? ఇంటర్నెట్టులో ఉచితముగ దాచుకొనవచ్చును గదా! దానినే క్లౌడ్ అందురు.' క్లౌడ్ అనగా మేఘము. పేరు మేఘమైనను అది ఆకాశమున లేదు. మఱియొకరి భవనములోని మఱియొకరి డిస్కు. వారి డిస్కు ధర పెరిగినపుడు మన అద్దె పెరుగక తప్పదు. గూగుల్ ఫోటోలలో మేర లేకుండ ఉచితముగ దాచుకొను సౌకర్యము 2021 జూన్ 1వ తేదీతో ముగిసినది. ఇంతకంటె ముఖ్యమైన సంగతి, రెండేండ్లు ఎవ్వరును తెఱవని వ్యక్తిగత ఖాతాలను తొలగించు నియమమును ఆ సంస్థ 2023 డిసెంబరునుండి అమలులోనికి తెచ్చినది. కుటుంబమున ఒక పెద్దాయన తన ఫోనులో నలుబదియేండ్ల ఛాయాచిత్రములు చేర్చిపెట్టి గతించినాడనుకొనుడు. రహస్యపదము ఎవ్వరికిని తెలియదు. రెండు సంవత్సరీకములు గడచునప్పటికి ఆ ఖాతా తొలగింపునకు అర్హమగును. పాత ట్రంకుపెట్టెలోని ఉత్తరములను చెదపురుగు తినుటకైనను ఇంతకంటె ఎక్కువకాలము పట్టెడిది! క్లౌడ్ వలదని నేననుట లేదు. ఒక ప్రతి అక్కడ ఉండవచ్చును. ఉన్న ఒక్క ప్రతియు అక్కడనే ఉండరాదు.

రెండవది: 'ధరలు తగ్గువఱకు ఆగుదము, ఆ సొమ్ముతో పిల్లలకు తెలుగు తరగతులు నడపుదము.' తరగతులు నడపవలసినదే. ఆ సొమ్ము వేఱుగనే యున్నది, దానిని తాకవలెనని ఎవ్వరును కోరలేదు. ఆగుట విషయములో మాత్రము నా అభిప్రాయము వేఱు. ధరలు ఎప్పుడు తగ్గునో తయారీదారులే చెప్పజాలకున్నారు. డిస్కు నేడు కాకున్న మూడేండ్లకు దొరకును. తొంబదియేండ్ల అవ్వ మాట మూడేండ్లకు దొరకునా? మనము మాటలాడు తెలుగు కోస్తావారిది కాదు, రాయలసీమవారిది కాదు, తెలంగాణమువారిది కాదు. కన్నడముతోను, అరవముతోను, ఒడియాతోను, మరాఠీతోను తరతరములు కలిసిమెలిసి, ఇతరచోట్ల మాసిపోయిన పాతమాటలను కొన్నిటిని నిలుపుకొన్న తెలుగు అది. దానిని నిఘంటువులో వెదకిన దొరకదు. ఆ పెద్దల నోటనే దొరకును. మన మనుమలు ఆ మాటను వినవలెనన్నచో నేడు పట్టి ఉంచవలెను.

భాషను, లిపిని, సంస్కృతిని నిలుపుకొను హక్కు రాజ్యాంగము 29వ అధికరణమున మనకు ఇచ్చినది. హక్కు రాజ్యాంగ మిచ్చినను, దాచుకొను పెట్టె మనమే తెచ్చుకొనవలెను. సర్కారు కచేరీలలో 'ఇక్కడ తెలుగు పాఠశాల ఉండెడిదా? ఎంతమంది చదివిరి?' అని అడిగినపుడు చూపవలసినది ఆ హాజరు పట్టీలనే. కాబట్టి ఇది కేవలము అభిమానముతో ముడిపడిన విషయముగ గూడ తలపరాదు.

తక్కువ చోటులో ఎక్కువ దాచుట

కావున నా సలహా యేమనగా, పని ఆపవలదు, పరిమాణము తగ్గింపవలెను. ఎట్లు తగ్గింపవచ్చునో లెక్కతో చెప్పెదను.

ముందుగ, మనవద్దనే యున్నదేది, ఇతరచోట్లను ఉన్నదేది అని వేఱుచేయవలెను. అచ్చైన పాత తెలుగు గ్రంథములలో అనేకము ఇంటర్నెట్ ఆర్కైవ్ వంటి చోట్ల ఇదివఱకే బొమ్మలుగ నున్నవి. వానిని మరల మనము తీయనక్కఱలేదు. మన తీర్మానముల పుస్తకము, మన వార్తాపత్రిక, మన పాఠశాల పట్టీ, మన ఇండ్ల ఉత్తరములు ప్రపంచమున మఱెక్కడను లేవు. ఉన్న చోటు మొదట వానిది.

రెండవది, రూపమునుబట్టి చోటు మారును. కంప్యూటరులో ఇంగ్లీషు అక్షరమునకు ఒక బైటు చాలును. సర్వసాధారణమైన యూనికోడ్ పద్ధతిలో తెలుగు గుర్తు ప్రతిదానికిని మూడు బైట్లు పట్టును. 'క్ష' అను ఒక్క అక్షరములో మూడు గుర్తులుండుటచే దానికి తొమ్మిది బైట్లు. అయినను భయము లేదు. పుటకు 1,500 గుర్తుల చొప్పున 200 పుటల పుస్తకమును అక్షరములుగ కూర్చినచో 9 లక్షల బైట్లే. దానినే పుటకు 10 లక్షల బైట్ల బొమ్మగ తీసినచో 20 కోట్లు. రెండు వందల రెట్లకు పైగా! చేవ్రాతలను, ముద్రలను, చిత్రములను బొమ్మలుగనే దాచవలెను. సభ్యుల జాబితాల వంటివానిని కూర్చి సరిచూచుకొనిన పిమ్మట అక్షరరూపమున దాచిన చాలును.

మూడవది పెద్దల మాట. మన యువకులు సెల్‌ఫోనుతో చలనచిత్రము తీయుటకే మక్కువ చూపుదురు. అట్టి చిత్రమునకు, నాణ్యమును బట్టి, గంటకు ఆరు మొదలు ఇరువది జి.బి. వఱకు చోటు పట్టవచ్చును. ఒక టెరాబైటులో ఏబది మొదలు నూట అఱువది గంటలు మాత్రమే పట్టును. ధ్వనిని మాత్రమే, సంగీతపు సీడీల నాణ్యముతో, ఒక మైకుతో ముద్రించినచో గంటకు సుమారు 32 కోట్ల బైట్లే యగును. అనగా ఆ చోటులోనే మూడువేల గంటలకు పైగా పట్టును. కాబట్టి ప్రతి పెద్ద ముఖము తెలియునట్లు పది నిమిషములు చిత్రము తీసి, మిగిలిన మాటనంతటిని ధ్వనిగ ముద్రింపవలెనని నా సూచన. ఇట్లు చేసినచో నిరుడు అనుకొన్న చోటులో చిన్నభాగమే చాలును; పెరిగిన ధరయు మన సొమ్మునకు లోబడును.

మూడు ప్రతులు, మూడు ఊళ్లు

నాలుగవది ప్రతుల సంగతి. డిస్కు శాశ్వతమైనది కాదు. హార్డు డిస్కు చెప్పకుండ చెడును. చిప్పు డిస్కులు, పెన్ డ్రైవులు విద్యుత్తు తగులకుండ ఏండ్ల తరబడి బీరువాలో పడియున్నచో వానిలోని అక్షరములు క్రమముగ మాసిపోవచ్చును. కనుక దీర్ఘకాలము దాచుటకు హార్డు డిస్కే మేలు. ఈ విద్య తెలిసినవారు చెప్పు సూత్రము: మూడు ప్రతులు, రెండు రకముల సాధనములు, ఒక ప్రతి వేఱొక ఊరిలో.

ఈ సూత్రమును పాటించుటలో మనకున్న సౌకర్యము పెద్దనగరపు సంస్థలకును లేదు. మనము అయిదు చోట్ల చెదరియున్నాము. 1996 నవంబరులో తుపాను కోనసీమను, యానామును కొట్టినది. 2013 అక్టోబరులో ఫైలిన్ తుపాను బరంపురము చెంత గోపాలపురమున తీరము దాటినది. 2015 డిసెంబరులో మద్రాసు నగరము నీట మునిగినది. ఈ ఊళ్లు మూడును ఒకేనాడు మునుగలేదు. ఒక శాఖ ప్రతిని మఱియొక శాఖ ఉంచుకొనినచో అద్దె లేదు, అడుగువారు లేరు. ఏటికొకమారు, ఉగాదినాడు పంచాంగ శ్రవణమునకు కూడునపుడు, ఆ డిస్కును యంత్రమునకు తగిలించి తెఱచి చూచి, 'సరిగ నున్నది' అని ఒక కాగితపు పుస్తకమున సంతకము చేయవలెను. ఏ డిస్కులో ఏమున్నదో ఆ పుస్తకములోనే వ్రాయవలెను. డిస్కులోనున్న దాని పట్టీ డిస్కులోనే ఉండిన, డిస్కు చెడిననాడు ఏమి పోయినదో గూడ తెలియదు.

కొనునపుడు జాగ్రత్త

అయిదవది, చివరిది. కఱవు వచ్చినచోట మోసము వచ్చును. 2021లో నాణెము కొఱకు రాసులుగ కొన్న డిస్కులను గుఱించి పిదప చెప్పెదనంటిని. బాగుగ అరిగిన అట్టి డిస్కులు, వాడిన గంటల లెక్కను చెఱిపివేసి, కొత్తవను పేరుతో అమ్ముడైన సంగతి 2025 ఆరంభమున జర్మనీలో బయటపడినది. ఐరోపాలోనే అట్లు జరిగినపుడు మనము మఱింత మెలకువగ నుండవలెను. నమ్మకమైన దుకాణమున బిల్లు, వారంటీ కాగితము తీసికొని, డిస్కుపైనున్న సంఖ్యను తయారీదారుని వెబ్‌సైటులో సరిచూచి గాని కొనరాదు.

పెన్ డ్రైవుల మోసము ఇంకొక రకము. పైన రెండు టెరాబైట్లని వ్రాసియుండును; ధర నమ్మశక్యము కానంత తక్కువగ నుండును. లోపల నిజముగ నుండునది అందులో చిన్న వంతు. యంత్రమునకు మాత్రము రెండు టెరాబైట్లున్నట్లు అది అబద్ధము చెప్పును. నిండినతరువాత వ్రాసినది మునుపు వ్రాసినదానిపైననే పడును. తెఱచి చూచువఱకు మనకు తెలియదు. ఏ సాధనము కొన్నను మొదట దానిని నిండుగ నింపి, మరల చదివి, సరిపోయినదని తెలిసిన పిదపనే మన పత్రములు పెట్టవలెను. అందులకు ఉచితమైన ప్రోగ్రాములు కలవు. కంప్యూటర్లు బాగుచేయు మన యువకులకు అవి తెలియును. ఈ పరీక్ష భారమును వారు స్వీకరింపవలెనని కోరుచున్నాను.

ఇండ్లలో పనిచేయుచున్న పాత హార్డు డిస్కు లెవరివద్దనైన ఉన్నచో సంఘమునకు ఇచ్చినను ఉపకారమే. వానిని ముఖ్యప్రతికి వాడము. పరీక్షించి, మూడవ ప్రతికి వాడుదుము. ఇచ్చుటకు ముందు మీ సొంత పత్రములను, బ్యాంకు కాగితములను చెఱిపివేయించుకొనుడు. సాధారణముగ చెఱిపినది మరల తీయవచ్చును. పూర్తిగ తుడుచు పద్ధతి వేఱుగ నున్నది. దానికిని మన యువకులే సహాయము చేయుదురు.

సభవారు తేల్చవలసినవి

కాబట్టి కార్యవర్గము పక్షమున నేను సభవారి ముందుంచు సూచనలు మూడు. మొదటిది, ధరలకొఱకు ఆగకుండ ఈ సంవత్సరమే రెండు కొత్త హార్డు డిస్కులు కొని, వేఱువేఱు ఊళ్లలో ఉంచుట. రెండవది, ధ్వనిముద్రణను ఎనుబదియేండ్లు దాటినవారితో, అందును అస్వస్థులతో మొదలుపెట్టుట. మూడవది, పత్రములలో మొదట తీర్మానముల పుస్తకమును, పాఠశాల పట్టీలను తీయుట. శుభలేఖలు, ఛాయాచిత్రములు తరువాతి సంవత్సరమునకు ఉంచుట. ఈ మూడవదానిలో కొందఱకు మనస్తాపము కలుగవచ్చును. ఎవరి తాతగారి చిత్రము వారికి ముఖ్యమే. ఆ చిత్రములను అంతవఱకు పలుచని కాగితములో చుట్టి, తేమ తగులని చోట దాచి ఉంచుడని మనవి. చక్కగ దాచిన ఛాయాచిత్రము ఇంకొక యేడు నిలుచును. ఈ వరుసపై మీ అభిప్రాయములు సభానంతరము వ్రాతమూలకముగ నిచ్చినచో కార్యవర్గము పరిశీలించును.

లోకపు అంగడిని మార్చు శక్తి మనకు లేదు. ఇతర దేశముల కర్మాగారములలో ఏ పలక ఎటు పోవలెనో మనము చెప్పజాలము. మన ఊరిలో ఏ కాగితము ముందు తీయవలెనో, ఏ పెద్ద యింటికి ఈ ఆదివారము మైకు పట్టుకొని పోవలెనో నిర్ణయించుకొనుట మాత్రము మన చేతిలోనిదే. ఆ పని రానున్న ఆదివారమే ఆరంభించుటకు నలుగురు యువతీయువకులు పేర్లిచ్చియున్నారు. మఱికొందఱు ముందుకు రావలెనని కోరుచున్నాను.